ఘనపాఠీగారి గదిలో నీళ్ళ యంత్రం

ఉభయ గోదావరి జిల్లాల్లో కంప్యూటరుకి నీళ్ళు తాగించిన మొదటి మనిషిని నేనే. ఇది నేను చెప్పుకుంటున్న మాట కాదు, అమలాపురం గడియారస్తంభం దగ్గర ఎవర్నడిగినా చెబుతారు. ఇప్పుడు మీరు రంగురంగుల లైట్లున్న డబ్బా ఇంటికి తెప్పించుకుని, నాలుగు స్క్రూలు బిగించి, వాటర్ కూలింగ్ పెట్టేమని ఫోటోలు దిగుతున్నారు చూడండీ, ఆ పని ఇరవయ్యేళ్ళ క్రితమే మలికిపురం అవతల ఒక పెంకుటింట్లో చేసి చూపించేను. కంచరి చేసిన రాగి బిళ్ళ, కారు విడిభాగం, రొయ్యల చెరువు గొట్టం. ఇవే నా సరంజామా. మూడేళ్ళు నడిచింది. చుక్క కారలేదు.

సరే. ఆ చివరి రెండు ముక్కల సంగతి తరవాత మాట్లాడుకుందాం.

నాది మొదట రేడియోల మరమ్మత్తు. తరవాత టీవీలు. తొంభైల చివర్లో కంప్యూటర్లొచ్చేక బోర్డు మార్చి రాయించుకున్నాను. షాపులో సగం నాది, సగం నా భాగస్వామిది. అతను టీవీలు వదల్లేదు. నేనేం చేసినా పక్క బల్ల మీంచి ఒక మాట విసరడం అతని రెండో ఉద్యోగం.

రెండువేల రెండో, మూడో. వేసవి. ఒక హైస్కూలు మాస్టారు షాపుకొచ్చేరు. అంతకు నెల ముందే మా దగ్గర కంప్యూటరు కొనుక్కున్నారు. తండ్రిగారు ఘనపాఠి, ఎనభై దాటిన మనిషి. ఘన అంటే వేదంలో మాటల్ని ముందుకీ వెనక్కీ తిప్పి చెప్పే పాఠం; ఆయన గురువుగారి దగ్గర నేర్చుకున్న తీరులో అది చెప్పేవాళ్ళు ఇంకెవరూ మిగల్లేదు. తోటివాళ్ళంతా పోయారు. ఊపిరితిత్తులు చూసిన డాక్టరు, “చలికాలం రాకముందే చెప్పించుకోవలసింది చెప్పించుకోండి” అన్నాడట. అందుకని ఆ గొంతుని కంప్యూటర్లో దాచుకుందామని మాస్టారి ఆత్రం.

“నాన్నగారు ఒప్పుకోవడమే గొప్పండీ. నాలుగు రోజులు కూచున్నారు. ఇప్పుడు కూచోనంటున్నారు,” అన్నారు మాస్టారు.

“ఆయాసమాండీ?”

“కాదండీ. కంప్యూటరు తప్పు చదువుతోందంటున్నారు.”

నా భాగస్వామి తల ఎత్తకుండా, “వైరస్ పట్టుంటుంది మాస్టారూ. ముందు దానికి ఒడుగు చేయించండి,” అన్నాడు.

మాస్టారు నవ్వలేదు. నేను స్కూటరు తీసేను.

ఆ ఇంటికి ముందు అరుగు, అరుగు వెనక హాలు, హాలుకి కుడివైపు ఘనపాఠీగారి పాఠం గది. నూతి దగ్గర కాళ్ళు కడుక్కుని చొక్కా విప్పితే గానీ లోపలికి రానివ్వరు. గదిలో ఒక పీట, ఒక దర్భాసనం, మూల బల్ల మీద మేమమ్మిన కంప్యూటరు. ఘనపాఠీగారు నా మోచేతంత ఉన్నారు. గొంతు మాత్రం ఇంటి దూలాలకి తగిలేలా ఉంది. నా కోసం ఒక పన్నం మొదలెట్టేరు. పన్నం అంటే మరేం లేదు, ఒక విడత పాఠం. రెండు నిమిషాలు చెప్పి, చూపుడువేలు పైకెత్తి ఆగేరు.

గదిలో కంప్యూటరు ఫ్యాను రొద మిగిలింది.

“విన్నావా అబ్బాయ్? నేను ఇక్కడున్నాను.” వేలు గాల్లో నిలబెట్టేరు. “అది ఇంత కిందుంది.” వేలు బెత్తెడు దిగింది. “పక్కన కూచుని నన్ను లాగుతోంది. రోజంతా లాగుతుంది. నేను దిగిపోతున్నానని నాకే తెలీదు. రేపెవడో ఇది విని, ఆ దిగిన స్వరమే మా గురువుగారిదనుకుని నేర్చుకుంటాడు. దానికన్నా నేను చెప్పకపోవడమే నయం.”

“ఫ్యాను ఆపితే చిప్పు మాడిపోతుందండీ,” అన్నాను. ఆ రోజుల్లో చిప్పులు అలాంటివే. గాలి ఆగితే నిమిషంలో మసి.

“దాని నోరు మూయించు. చెబుతాను.” ఆయన లేచి వెళ్ళిపోయేరు.

ఇంకా ఎనిమిది రోజుల పాఠం ఉంది. ఫ్యాను లేకుండా చల్లబరచాలి. అంతకుముందే ఒక పాత ఇంగ్లీషు పత్రికలో బొమ్మ చూసి ఉన్నాను. చిప్పు నెత్తిన రాగి బిళ్ళ, బిళ్ళలోంచి నీళ్ళు, నీళ్ళు పోయి ఎక్కడో చల్లారి మళ్ళీ రావడం. ఎప్పుడు చేద్దామా అని చెయ్యి దురద. ఆ దురద సంగతి కూడా గుర్తుపెట్టుకోండి.

ఇప్పటిలా డబ్బాలో అన్నీ కలిపి అమ్మే కాలం కాదు. ఒక్కొక్క ముక్కా వెతుక్కోవాలి. రాగి బిళ్ళకి కంచరి దగ్గరికెళ్ళేను. అగ్గిపెట్టంత మందపాటి బిళ్ళ, దాని వీపు మీద పాములా మెలికలు తిరిగిన సన్న గొట్టం, అతుకు ఊడకూడదు. కంచరి కాగితం మీద నా బొమ్మ అటూ ఇటూ తిప్పి చూసి, “ఇది ఏ దేవుడికండీ?” అన్నాడు. నవగ్రహాల్లో పదోవాడికని చెప్పేను. నమ్మేడేమో, పని మాత్రం దేవుడికి చేసినట్టే చేసేడు. బిళ్ళ అడుగు అద్దంలా నున్నగా తీసిచ్చేడు.

పంపు మూడుసార్లు మార్చేను. ఎయిర్ కూలర్ పంపు పెడితే కందిరీగల తుట్టె కదిపినట్టుంది. ఫ్యాను నోరు మూయించి దీని నోరు తెరవడం దేనికి? చివరికి చేపల తొట్టిలో పెట్టే చిన్న పంపు తెచ్చి, షాపులోనే స్టీలు గిన్నెలో నీళ్ళు పోసి ముంచి, గిన్నెకి చెవి ఆనించేను. ఏమీ వినపడలేదు.

“గుండె కొట్టుకుంటోందా డాక్టరుగారూ?” అన్నాడు భాగస్వామి.

“లేదు.”

“అయితే బిడ్డ దక్కలేదు. ఇంటికి తీసుకెళ్ళిపొమ్మనండి.”

గొట్టానికి ముందు సెలైన్ ట్యూబు అనుకున్నాను. మరీ సన్నం. ఐ.పోలవరం వైపు రొయ్యల చెరువులవాళ్ళు గాలి పట్టించడానికి వాడే తెల్ల గొట్టం దొరికింది. లోపల నీళ్ళు కదలడం కనబడుతుంది. అది నాకు తెగ నచ్చింది. నీళ్ళు చల్లారడానికి రేడియేటరు కావాలి కదా. కొత్తపేట రోడ్డులో రేడియేటర్ల మేస్త్రీ రెండు చూపించేడు. ఒకటి పాత జీపుది, ఇత్తడీ రాగీ కలిసింది, నల్లగా మసిపట్టి, గేదె తలంత బరువు. రెండోది కారు హీటరులోది, అల్యూమినియం, కొత్త పలకలా మెరుస్తోంది. నేను మెరిసేది తీసుకున్నాను. మేస్త్రీ ఏదో అన్నాడు. ఏమన్నాడో ఇప్పుడు గుర్తులేదు.

నీళ్ళు బ్యాటరీ షాపు నుంచి. ఉప్పూ మట్టీ లేని నీళ్ళు. డబ్బా పట్టుకుని ఆ ఇంటి గుమ్మం ఎక్కబోతే మాస్టారి భార్య అడ్డొచ్చేరు. “ప్లాస్టిక్ బకెట్టూ గికెట్టూ ఆ గదిలోకి వద్దండి అన్నయ్యగారూ, మావయ్యగారు ఊరుకోరు,” అని రాగి బిందె ఒకటి తోమి ఇచ్చేరు. అదే తొట్టి. బిందెలో పంపు ముంచేను. రేడియేటరు కిటికీ అవతల నీడలో వేలాడదీసేను. పవర్ డబ్బా ఫ్యానుకి కరెంటు తగ్గించి చీమ నడకలో పెట్టేను. డిస్కుని చిప్పుకి కింద స్పాంజి ముక్క మీద పడుకోబెట్టేను. నేను బ్యాటరీ నీళ్ళు బిందెలో వంచుతుంటే ఘనపాఠీగారు గుమ్మంలో నిలబడి చూసేరు. పాఠానికి ముందు ఆయనకి మౌనవ్రతం.

నవమి పొద్దున్న మీట నొక్కేను. అష్టమినాడు వేదం చెప్పరు కాబట్టి ఒకరోజు ఆగవలసొచ్చింది. అలా చెప్పకూడని రోజుల్ని అనధ్యాయం అంటారు. కంప్యూటరు వెలిగింది. చప్పుడు లేదు. ఎంత లేదంటే, నూతి గిలకకి తాడు రాసుకోవడం వినబడింది. తెల్ల గొట్టంలో నీళ్ళు పోతున్నాయో లేదో తెలీలేదు, ఒక చిన్న బుడగ వచ్చి మెల్లిగా కిటికీ దాటి వెళ్ళేదాకా.

ఘనపాఠీగారు చాలాసేపు విన్నారు. తరవాత మొదలెట్టేరు.

ఘన మామూలుగా ఇద్దరు ఎదురెదురుగా కూచుని చెబుతారు. ఒకరు వదిలినచోట రెండోవారు అందుకోవాలి. ఈయన మొత్తం తానే చెప్పుకుంటున్నారు గానీ, ప్రతి మలుపు దగ్గరా ఒక ఊపిరంత ఆగుతున్నారు. ఎదురుగా ఉన్న ఖాళీ పీట వైపు చూస్తున్నారు. మళ్ళీ చెబుతున్నారు.

మధ్యాహ్నం హెడ్‌ఫోన్లు పెట్టుకుని విన్నాను. ఫ్యాను రొద లేకపోవడంతో, ఇన్నాళ్ళూ దాని కింద దాగిన చిన్న చప్పుళ్ళన్నీ పైకి తేలేయి. ఆయన పెదాల తడి. పంచె రాపిడి. ఆ మలుపుల దగ్గర, ఆయన ఆగిన ఊపిరిలో, ఇంకెవరో చెబుతున్నారు.

నేను ఈ కథ చెప్పినప్పుడల్లా ఇక్కడ, అక్షరం అక్షరం స్పష్టంగా వినబడిందని చెబుతూ వచ్చేను. అది కోత. మాటలు వినబడలేదు. పక్కగదిలో ఎవరో గొంతు తగ్గించి చదువుకుంటుంటే ఎలా ఉంటుందో అలా ఉంది. ఆయన వదలగానే అందుకుంటుంది, ఆయన అందుకోగానే తప్పుకుంటుంది. అక్షరాలే వినబడుంటే అంత భయం వేసేది కాదు.

మాస్టారికి వినిపించేను. ఆయన మొహంలో రంగు మారింది. “ఆ మలుపుల్లో అందుకోవలసినవాణ్ణి నేనండీ,” అన్నారు. “పదేళ్ళు నేర్చుకుని వదిలేసి ఇంగ్లీషు చదువులోకెళ్ళిపోయాను. కాని ఇది నా గొంతు కాదు.”

“మరెవరిదండీ?”

“నాన్నగారికి ఒక తమ్ముడు ఉండేవారు. ఇద్దరూ ఒకే గురువుగారి దగ్గర ఎదురెదురు పీటల మీద నేర్చుకున్నారు. పందొమ్మిదో ఏట పోయారట.”

ఆ తమ్ముడుగారు గోదావరి పాయలో పడవ తిరగబడి మునిగిపోయేరని, అందుకే నీళ్ళలోంచి మాటాడుతున్నారని కూడా నేను చాలామందికి చెప్పేను. అది పచ్చి అబద్ధం. ఆయన పోయింది టైఫాయిడుతో, మంచం మీద. నీళ్ళ యంత్రం ఉంది కదాని నేనే తీసుకెళ్ళి ముంచేను. క్షమించండి.

మూడోరోజు ఏకాదశి. సాయంత్రం అంతవరకూ చెప్పినది సీడీల మీదకెక్కించి మాస్టారికిచ్చేను. అదే ఆఖరు. ఆ తరవాత నాకు పాఠం మీద ధ్యాస పోయింది, ఆ గొంతు మీద పడింది.

బిందె కింద కొబ్బరి పీచు పరిచేను, పంపు అదురు నేలకి తగలకుండా. గొంతు అలాగే ఉంది. మైకు మార్చేను. అలాగే ఉంది. చతుర్దశి, పౌర్ణమి, పాడ్యమి వరసగా మూడు అనధ్యాయాలొచ్చేయి. సీడీలు వేసుకోవడానికి మూడు రోజులు ఖాళీగా దొరికేయి. నేనేం చేశానంటే, పాడ్యమినాడు ఖాళీ గదిలో కంప్యూటరు నడిపి, పంపు నడిపి, తలుపు వేసి, గంటసేపు నిశ్శబ్దాన్ని రికార్డు చేసేను. బయట అరుగు మీద కూచున్నాను. మిట్టమధ్యాహ్నం. కొబ్బరాకు కూడా కదల్లేదు.

విన్నాను. గంటలో ఒక్క చప్పుడు లేదు.

“ఏమైనా వచ్చిందాండీ?” అన్నారు మాస్టారు.

“లేదండీ. అనధ్యాయం కదా,” అన్నాను నవ్వుతూ. అనేశాక ఇద్దరం ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకున్నాం. ఇంక నవ్వలేకపోయాం.

విదియనాడు పాఠం నడుస్తుండగా మనసు దిటవు చేసుకుని ఒక్క అరనిమిషం పంపు ఆపేను. తరవాత విన్నాను. ఆ అరనిమిషంలో మలుపులు రెండొచ్చేయి. రెండూ ఖాళీ. పంపు మళ్ళీ తిరగ్గానే మూడో మలుపులో ఉంది. రేడియో మెకానిక్కుని కాబట్టి నాకొక వివరం దొరికింది. ఆయన గొంతుకి రాగి బిందె మోగుతోంది, పంపు అదురుకి ఆ మోత కొట్టుకుంటోంది, ఆయన ఆగగానే తోక వినబడుతోంది. మంచి వివరం. భాగస్వామికి చెబితే, “మరి పొద్దుణ్ణుంచీ అదే నాకు మూడుసార్లెందుకు చెప్పేవూ?” అన్నాడు.

నా కంగారుకి ఇంకో కారణం ఉంది. బిందెలో నీళ్ళు తగ్గట్లేదు. వేసవిలో మూతలేని బిందెలో రోజుకి కొంతైనా ఇగరాలి. ఇగరకపోగా పెరుగుతున్నాయి. నీళ్ళ మీద రోజూ ఒక తులసి దళం తేలుతోంది. ఒకటే. వాడనిది. మాస్టారినడిగితే తెలీదన్నారు. ఆయన భార్యనడిగితే, “మడి కట్టకుండా ఆ గదిలో అడుగుపెట్టనండి, కట్టినా ఆ యంత్రం జోలికెళ్ళను,” అన్నారు. బిందె లోపల నీళ్ళ అంచున సుద్దతో గీత గీసేను. మర్నాడు పొద్దున్న గీత కనబడలేదు. నీళ్ళు రెండంగుళాలు పైనున్నాయి. తులసి దళం తిరుగుతోంది.

ఘనపాఠీగారిని మాత్రం ఎవరమూ అడగలేదు. నేను వెళ్ళే వేళకి ఆయన మౌనం. పాఠం అయ్యేక భోజనం, నిద్ర. అసలు అంతటి మనిషిని, బిందెలో నీళ్ళు మీరు పోశారా అని అడగాలని ఎవరికి తోస్తుంది?

ఇంక దాచి లాభంలేదు. మూడేళ్ళు నడిచిందన్నాను కదా. నడిచింది పదకొండు రోజులు. అందులో మూడు అనధ్యాయాలు.

పదకొండోరోజు చవితి. ఇంకా మిగిలినది ఆ ఒక్కరోజు పాఠం. ఆయన మొదలెట్టేరు. నేను గుమ్మం పక్కన కూచుని గొట్టం కేసి చూస్తున్నాను. తెల్ల గొట్టంలో తెల్లటి పోగులు. విరిగిన పాలలో తేలినట్టు. ముందురోజే అక్కడక్కడా చూసేను, గొట్టం మురికనుకున్నాను. ఇప్పుడవి ఒకదానికొకటి చుట్టుకుని, తోకలు ఊపుతూ, చిప్పు వైపు వెళుతున్నాయి. వెళ్ళినవి రావట్లేదు. మెల్లిగా పాక్కుంటూ వెళ్ళి బిందెలో వేలు ముంచి నోట్లో పెట్టుకున్నాను.

ఉప్పు.

ఆ ఊరి నూతినీళ్ళు ఎలా ఉంటాయో తాగినవాళ్ళకి తెలుసు. సముద్రం ఎంతో దూరం లేదు. గొట్టం ముట్టుకున్నాను. చిప్పు దగ్గర వెచ్చగా ఉంది. ఉండకూడదు. బుడగ ఒకటి గొట్టం మధ్యలో నిలబడిపోయింది. ముందుకీ వెళ్ళదు, వెనక్కీ రాదు.

ఆ క్షణంలో లేచి, “ఆపండి బాబూ” అంటే సరిపోయేది. పన్నం మధ్యలో ఎవరూ నోరు తెరవకూడదని ఆ ఇంట్లో మొదటిరోజే చెప్పేరు. మీట నొక్కి ఆపేస్తే అప్పటిదాకా చెప్పింది భద్రం కాకుండానే పోతుంది. పన్నం ముగియడానికి ఇంకెంత, పది నిమిషాలుంటుందేమో అని లెక్కేసుకున్నాను. మాస్టారి కేసి చూసేను. ఆయన కళ్ళు మూసుకుని వింటున్నారు. నేనూ కూచున్నాను. గొట్టం మీద చెయ్యి వేసే కూచున్నాను. వెచ్చనిది వేడైంది. వేడిది చురుక్కుమంది. చెయ్యి తీసేసేను.

ఒక చిన్న నిట్టూర్పులాంటి చప్పుడొచ్చింది. మరిగిన నీళ్ళకి మెత్తబడి గొట్టం బిళ్ళ మీంచి జారింది. వేడినీళ్ళు బోర్డు మీదా, కింద స్పాంజి మీద పడుకున్న డిస్కు మీదా పడ్డాయి. చిటుక్కుమంది. తెర నల్లబడింది. మెయిన్ పోయి పంపు కూడా ఆగింది.

ఘనపాఠీగారు ఆపలేదు. మలుపు వరకూ చెప్పుకుంటూ వచ్చేరు. మలుపు దగ్గర ఆగేరు. ఎదురు పీట కేసి చూసేరు. ఆ ఊపిరి దాటిపోయింది. ఇంకో ఊపిరి దాటింది. అందుకోవలసినవాళ్ళు అందుకోలేదు. ఆయన తల కొంచెం పక్కకి వంచేరు, దూరంగా పిలిస్తే వినేవాళ్ళలా.

“వాడు ఆగేడు,” అన్నారు.

పన్నం మధ్యలో ఆయన మాటాడ్డం అదే మొదలని తరవాత మాస్టారు చెప్పేరు. ఉత్తరీయం మడుచుకుని లేచి, పెరట్లోకి వెళ్ళిపోయేరు.

నేను బిందె దగ్గర మోకాళ్ళ మీద కూచుని ఉంటే మళ్ళీ ఆయనే గుమ్మంలోకొచ్చేరు. తప్పుచేసినవాడిలా కాదు, సంగతి చెబుతున్నట్టు అన్నారు.

“నీళ్ళు నేనే మార్చేను నాయనా, రోజూ. పాఠం చెప్పేచోట పాచినీళ్ళు తిరగకూడదు. స్నానం చేసి నూతినీళ్ళు తోడి పోసేను. తప్పా?”

“లేదండీ,” అన్నాను.

డిస్కుని హైదరాబాదు పంపించేం. ఏమీ రాలేదు. ద్వాదశి నుంచి చవితి దాకా చెప్పిందంతా పోయింది. కొత్త బోర్డు వేసి, కాళ్ళు పట్టుకుని అడిగేం. ఆయన కోప్పడలేదు. “వాడు ఆగిన చోట నేను దాటి వెళ్ళను,” అని మాత్రం అన్నారు. చలికాలం కూడా దాటేరు, ఇంకో రెండేళ్ళున్నారు. కాని ఆ గదిలో ఆ గొంతు మళ్ళీ లేవలేదు.

చాలా ఏళ్ళు నేను ఈ కథని ఆ పెద్దాయన చాదస్తం కథగానే చెప్పేను. మంచి యంత్రం చేసేను, ఆయన మడి దాన్ని చంపిందని. వినేవాళ్ళు నవ్వేవారు. ఇప్పుడు డెబ్భై దాటేక అలా చెప్పబుద్ధి కావట్లేదు. రేడియేటర్ల మేస్త్రీ ఏదో అన్నాడు, గుర్తులేదన్నాను కదా. గుర్తుంది. వాడు అన్నమాట అక్షరాలా ఇదీ: “బాబుగారూ, రాగీ అల్యూమినియమూ ఒకే నీళ్ళలో పెట్టకండి. ఒకదాన్నొకటి తింటాయి. ఉప్పునీళ్ళైతే మరీను. జీపుది పట్టుకుపొండి.” మెరుస్తోందని నేను వినలేదు. ఆ తెల్లపోగులు అల్యూమినియం ఎముకలు. పోనీ, బ్యాటరీ నీళ్ళు ఎందుకు పోశానో ఆ ఇంట్లో ఎవరికీ ఒక్క మాట చెప్పలేదు. నీళ్ళంటే నీళ్ళేగా అనుకుంటారని నాకెందుకు తోచలేదో తెలీదు. ఆ ఇంట్లో నీళ్ళంటే నీళ్ళు కాదని మొదటిరోజు నూతి దగ్గర కాళ్ళు కడుక్కున్నప్పుడే తెలియాలి.

మీలో ఎవరైనా మొదటిసారి ఈ పని మొదలెడుతుంటే, నన్నడిగితే ఇంతే చెబుతాను. నీళ్ళు తిరిగే దారంతా ఒకే లోహం ఉండేలా చూసుకోండి. ఎవరింట్లో పెడుతున్నారో ఆ ఇంటివాళ్ళు నీళ్ళతో ఏం చేస్తారో ముందడగండి. గొంతులేవైనా వినబడితే వినబడనివ్వండి, ముందు సీడీలు వేసుకోండి.

ఇదంతా రాసి, తప్పులుంటే చెబుతారని మొన్న ఆ ఇంటికే పట్టుకెళ్ళి అరుగు మీద కూచుని చదివి వినిపించేను. మాస్టారు రిటైరై చాలా ఏళ్ళైంది. ఏకాదశినాడు నేనిచ్చిన సీడీలు ఇప్పటికీ దాచుకున్నారు. వింటారాండీ అని అడిగితే, “మలుపుల దగ్గర ఆపేస్తానండీ,” అన్నారు. చదవడం అయ్యేక కళ్ళజోడు తుడుచుకుని, “ఉన్నదున్నట్టు రాసేరు,” అన్నారు.

ఆయన భార్య గుమ్మం పక్కన పెసరపప్పు చాటతో చెరుగుతున్నారు. చాట ఆపేరు.

“ఆయ్, ఉన్నదే రాసేరు. ఉన్నదంతా రాయలేదు,” అన్నారు. “మీరు మొదటిరోజు వచ్చినప్పుడే అడిగేను కదండీ అన్నయ్యగారూ, ఆ పెట్టె తీసుకెళ్ళి హాల్లో పెట్టుకుని, మైకు తీగ ఒక్కటీ తలుపు కిందనుంచి గదిలోకి లాక్కుంటే సరిపోదా అని. మీరు నవ్వేసి, ఆడవాళ్ళకి తెలీదులెమ్మా అని స్కూటరెక్కేరు. అది రాయండి.”